బావిలో వేసిన బంగారము: మధ్య అమెరికా పురాణములు, అద్భుత నవలలు, కోలారు గనులు

ఆంగ్లభాషలో ఇటీవల వెలువడుచున్న అద్భుత నవలలలో, మెక్సికో, గ్వాతెమాలా దేశముల ప్రాచీన పురాణములను ఆధారముగా గొన్నవి ఒక ప్రత్యేక శాఖగా ఏర్పడినవి. ఆస్టెక్కులు, మాయాలు, కిచేలు మున్నగు జాతుల దేవతలు, వారి పాతాళలోకములు, వారి బలిపీఠములు ఈ నవలలకు వస్తువు. ఇట్టి గ్రంథములతో కోలారు జిల్లా తెలుగువారికి ఏమి పని యను ప్రశ్న పుట్టుట సహజమే. పని రెండు విధములుగా నున్నది. మొదటిది చరిత్రకు సంబంధించినది. రెండవది సాహిత్యమునకు సంబంధించినది.

చరిత్ర సంబంధము చాలమందికి తెలియనిది. 1824లో లండనునందు జాన్ టైలర్ అను ఇంజనీరు మెక్సికో దేశమునందలి రియల్ దెల్ మోంతె వెండిగనులను నడుపుటకు ఒక కంపెనీని నెలకొల్పెను. ఇంగ్లండు నైరృతిదిశనున్న కార్న్‌వాల్ సీమ నుండి గనిపనివారు ఓడలెక్కి అచ్చటికి పోయిరి. నష్టములు వచ్చుటచే 1849లో ఆ గనులను మెక్సికో వర్తకులకు అమ్మివేసిరి. ఆ టైలరు పేర వెలసిన జాన్ టైలర్ అండ్ సన్స్ సంస్థయే 1880లో కోలారు గనుల నిర్వహణమును చేపట్టినది. కార్న్‌వాల్ వారు ఇచ్చటికిని వచ్చిరి. ఊరిగాం, మారికుప్పం, ఛాంపియన్ రీఫ్ ప్రాంతములలో షాఫ్టులను దించిన విద్యకు మెక్సికో గనులలో ఆరితేరిన అనుభవము తోడయ్యెను. కావున ఆస్టెక్కుల నేలయు కోలారు నేలయు ఒకే కుటుంబపు జమాఖర్చు పుస్తకములలో ముందువెనుకలుగా ఎక్కినవే.

రెండవ సంబంధము ఇంతకన్న ముఖ్యమైనది. ఒక నేల క్రింద నిధి యున్నప్పుడు, ఆ నేలను గూర్చి కథలల్లువారు సాధారణముగా ఆ నిధినే చూతురు. ఆ నేలపై బ్రదికిన జనులు మాత్రము తాము నేలకు ఏమి బాకీపడితిమో దానిని గూర్చి కథ చెప్పుకొందురు. మధ్య అమెరికా పురాణములపై వెలసిన నవలలను ఈ దృష్టితో పరిశీలించినచో మేలైనవేవో కానివేవో తేటపడును. అదే కొలబద్ద కోలారును గూర్చిన నేటి కల్పనలకును సరిపోవును.

పురాణములు చెప్పునది

ఆస్టెక్కుల నావాత్ల్ భాషలో బంగారమునకు పేరు తెఓక్వీత్లాత్ల్. దైవముయొక్క మలమని దాని యర్థము. వారికి బంగారము నింద్యము కాదు. ఆభరణములుగా పోతపోసిరి, దేవతల కర్పించిరి. అయినను వారి గణనలో పచ్చరాయియు, కెత్సాల్ పక్షి ఈకలును బంగారముకన్న మిన్నగా నుండెను. 1519లో కోర్తెస్ సేనలు తెనోచ్తిత్లాన్ నగరమును ప్రవేశించినప్పుడు, స్పానిషువారు నగలను కరగించి కడ్డీలు చేసికొనిరి. పనితనమునకు విలువనిచ్చు జాతికిని, తూకమునకు విలువనిచ్చు జాతికిని నడుమ తేడా అందు కనబడును. 1521 ఆగస్టు 13న ఆ నగరము కూలెను.

ఆ జాతి బలికి పెట్టిన పేరు ఇంకను గమనింపదగినది. నెష్త్లావల్లి యనగా ఋణము తీర్చుట. లోకము ఇదివరకు నాలుగుసార్లు పుట్టి నశించినదని, ఇప్పటిది అయిదవ సూర్యుని కాలమని వారి విశ్వాసము. ఈ అయిదవ యుగమునకు మనుష్యులను సృజించుటకై కెత్సాల్‌కోఆత్ల్ దేవుడు మృతలోకమైన మిక్త్లానునకు దిగి, పూర్వయుగపు మానవుల యెముకలను యాచించెను. తిరిగివచ్చునప్పుడు పడిపోగా ఎముకలు విరిగినవి. వాటిని పిండిగా విసరి, దేవతలు తమ రక్తమును అందు చిందింపగా మనుష్యులు పుట్టిరి. అనగా నరుని దేహము రెండు అప్పులతో నిర్మితమైనది: పాతాళమునుండి తెచ్చిన యెముక యొకటి, దేవతలిచ్చిన నెత్తురు మరియొకటి.

గ్వాతెమాలా కిచే జాతివారి పోపోల్ వుహ్ కథయు ఇట్టిదే. 18వ శతాబ్ది ప్రారంభమున ఫ్రాన్సిస్కో హిమేనెస్ అను క్రైస్తవ మతాచార్యుడు చిచికాస్తెనాంగోలో దానికి నకలు వ్రాసి, స్పానిషులోనికి అనువదించుట వలన అది నిలిచినది. అందు షిబాల్బా అను పాతాళమును మృత్యుదేవత లేలుదురు. బంతియాటకు పిలువబడి వెళ్లిన అన్నదమ్ములు అచ్చట హతులగుదురు. వారిలో నొకని తల చెట్టుకు వ్రేలాడదీయబడి, ఆ తల ఉమ్మిన ఉమ్మి వలన ఒక కన్య గర్భవతి యగును. ఆమె కన్న కవలలు హునాహ్‌పు, ష్బాలంకె. వారు పెరిగి పెద్దవారై, తండ్రి దిగిన త్రోవనే దిగి, చీకటి యిల్లు, కత్తుల యిల్లు, చలి యిల్లు, గబ్బిలముల యిల్లు మున్నగు పరీక్షలు దాటి, తాము చచ్చి మరల లేచి, మృత్యుదేవతలను జయింతురు. కుమారులు నిధికై దిగలేదు. తండ్రి బాకీ తీర్చుటకై దిగిరి. మనుష్యుని మట్టితోను కొయ్యతోను చేయబోయి విఫలులైన దేవతలు తుదకు మొక్కజొన్న పిండితో చేసిరని అదే గ్రంథము చెప్పుచున్నది.

ఈ భావమునకు ప్రత్యక్షసాక్ష్యము యుకతాన్ ప్రాంతపు చిచెన్ ఇత్సాలోని పవిత్రకూపము. మాయాలు అందులో పచ్చరాళ్లను, ధూపద్రవ్యములను, బంగారు వస్తువులను, మనుష్యులను సైతము అర్పించిరి. యుకతానులో బంగారము పుట్టదు. అది దూరదేశములనుండి వచ్చినది. కష్టించి తెప్పించుకొన్న దానిని వారు నీటిలో వేసిరి. 1904 మొదలుకొని ఎడ్వర్డ్ థాంప్సన్ అను అమెరికావాడు యంత్రముతో ఆ బావి అడుగును తోడి, దొరికినవానిని హార్వర్డులోని పీబాడీ ప్రదర్శనశాలకు చేర్చెను. అందు కొంతభాగము తరువాతి కాలమున మెక్సికోకు తిరిగివచ్చెను. ఒక జాతి బావిలో వేసినది. ఇంకొక జాతి తోడుకొనినది. ఈ పురాణములపై వ్రాసిన నవలలును ఈ రెండు తెగలుగానే చీలుచున్నవి.

తోడుకొనిన నవలలు

మొదటి తెగకు పెద్ద ఉదాహరణము రైడర్ హాగర్డు 1893లో ప్రచురించిన మాంటెజుమాస్ డాటర్ అను నవల. థామస్ వింగ్‌ఫీల్డ్ అను ఆంగ్ల యువకుడు తల్లిని చంపినవానిని వెదకుచు మెక్సికో చేరి, దేవుని రూపముగా పూజింపబడి, బలిపీఠముపై పడుకొనబెట్టబడి, తప్పించుకొని, రాజకుమార్తెను పెండ్లాడును. ఆస్టెక్కుల ధనరాశిని భూమిలో పాతిపెట్టిన కొలదిమందిలో అతడొకడు. స్పానిషువారు చిత్రహింస పెట్టినను ఆ రహస్యమును వెలిపుచ్చడు. తుదకు ఇంగ్లండు చేరి తొలినాటి ప్రియురాలిని వివాహమాడును.

హాగర్డు కథనశక్తి గలవాడు. ఆస్టెక్కులను కేవలము క్రూరులుగా చూపలేదు. స్పానిషువారి దురాశను కప్పిపుచ్చలేదు. అయినను అతని నవలలో బలి యనునది పాఠకుని గుండె కొట్టుకొనుటకు ఏర్పరచిన సన్నివేశము మాత్రమే. ఆ రాతిపై ఏ ఋణము తీర్పబడుచున్నదో ఆ ప్రశ్నయే పుట్టదు. బంగారము భూమిలోనికి పోవుట నిజమే. కాని అది సమర్పణము కాదు, దాపరికము. రహస్యమును మోయువాడు పరదేశి. ఆ నేల బిడ్డలు కథాంతమునకు మరణింతురు. ఈ నవల వెలువడిననాటికి కోలారులో టైలరు కంపెనీ పని ప్రారంభించి పదమూడేండ్లు. లండను పాఠకుడు మెక్సికో నిధిని గూర్చి చదువుచున్నపుడు ఆ నగరమునకు మైసూరు సీమ బంగారము చేరుచునే యుండెను. దూరదేశపు నేల యనగా నిధి గల గుంట యను తలంపు అప్పటి వర్తకమునకును కల్పనకును ఉమ్మడి సొత్తు.

బావిలో వేసిన నవలలు

రెండవ తెగకు దారి చూపినవాడు గ్వాతెమాలా రచయిత మిగెల్ అంహెల్ అస్తూరియాస్. ఇతడు పోపోల్ వుహ్‌ను స్పానిషులోనికి తెచ్చుటలో పాలుపంచుకొన్నవాడు. 1967లో నోబెల్ బహుమానము నందినవాడు. 1949లో వెలువడిన ఇతని నవల ఓంబ్రెస్ దె మాయిస్, అనగా మొక్కజొన్న మనుష్యులు. అందు అడవిని తగులబెట్టి అమ్మకమునకై మొక్కజొన్న పండించువారిని గాస్పర్ ఈలోమ్ అను నాయకుడు ఎదిరించును. మొక్కజొన్నతో మనుష్యుడు పుట్టినాడు గనుక, తినుటకు పండించుట ధర్మము, అమ్ముటకై పండించుట బిడ్డలను అమ్ముకొనుటతో సమానమని అతని వాదము. ఇది శుద్ధమైన అద్భుత నవల యని కొందరొప్పుకొనకపోవచ్చును. అయినను పురాణమును అలంకారముగా గాక న్యాయసూత్రముగా వాడిన తీరు ఇందు స్పష్టము. దేవతలు కనబడినను కనబడకున్నను వారి లెక్క మాత్రము నడుచుచునే యుండును.

నేటి ఆంగ్లనవలలలో సిల్వియా మొరెనో గార్సియా 2019లో ప్రచురించిన గాడ్స్ ఆఫ్ జేడ్ అండ్ షాడో పేర్కొనదగినది. కథాకాలము 1927. యుకతాను పల్లెటూరిలో తాతగారి యింట దాసివలె చాకిరిచేయు కసియోపియా తున్ అను పిల్ల ఒకనాడు తాత పెట్టెను తెరచును. లోపల బంగారము లేదు, ఎముకలున్నవి. ఎముక ముక్క యొకటి ఆమె వ్రేలిలో గ్రుచ్చుకొనగా షిబాల్బా ప్రభువైన హున్ కామె లేచి నిలుచును. అతనికి కన్ను, చెవి, వ్రేలు, పచ్చల హారము లేవు. సోదరుడైన వుకూబ్ కామె వానిని హరించి సింహాసన మాక్రమించినాడు. పోయినవానిని వెదకుచు ఇరువురును రైలుబండ్లలో మెక్సికో నగరము దాటి ఉత్తరపు సరిహద్దువరకు పోవుదురు. తుదకు ఆ పిల్ల పాతాళపు నల్లదారిపై నడిచి, తన ప్రాణమునే అర్పించుటకు సిద్ధపడును.

ఈ నవల బలము మూడు అంశములలో నున్నది. మొదటిది, పెట్టెలో నిధికి బదులు ఎముకలుండుట. మిక్త్లాను కథను ఎరిగిన పాఠకుడు దాని యర్థమును వెంటనే గ్రహించును. రెండవది, పాతాళమునకు దిగునది రాజకుమారుడు కాదు, నేలతుడుచు పిల్ల. మూడవది, తాత సంపదకు మూలము ఒక దైవద్రోహమునకు తోడ్పడుట యని తెలియుట. కుటుంబపు ఆస్తి వెనుక తీరని బాకీ యున్నది. దానిని వారసురాలు తీర్చవలసివచ్చినది. లోపము లేకపోలేదు. నడుమనున్న యాత్ర ఒక నగరము తరువాత ఇంకొక నగరముగా, ఒక మాంత్రికుని తరువాత ఇంకొక మాంత్రికునిగా ఒకే పోకడలో సాగును. అయినను తుదిలోని సమర్పణము అంతవరకు జరిగినదాని కంతటికిని అర్థము కల్పించుచున్నది.

అలియెట్ ద బొదార్ 2010లో ప్రారంభించిన అబ్సిడియన్ అండ్ బ్లడ్ నవలాత్రయము వేరొక మార్గము త్రొక్కినది. 1480 ప్రాంతపు తెనోచ్తిత్లానులో మృతుల దేవతకు ప్రధానార్చకుడైన అకాత్ల్ ఇందు అపరాధపరిశోధకుడు. ఇతడు చెవులను గ్రుచ్చుకొని తన రక్తమునే ముందుగా సమర్పించును. బలిని వింతగా గాని బీభత్సముగా గాని చూపక, నిత్యకృత్యముగా చూపుట ఈ రచయిత్రి సాహసము. హాగర్డు నుండి ఎంతదూరము వచ్చినదీ ఇందుచే తెలియును. కాని ఇక్కడను ఒక లోటు కలదు. రక్తము చిందినంతనే మంత్రము పనిచేయుటచే, ఋణము క్రమముగా క్రయవిక్రయముగా మారుచున్నది. ఇంత నెత్తురుకు ఇంత శక్తి యను ధర ఏర్పడినపిదప భక్తికిని బేరమునకును భేద మేమున్నది? ఒకరి బాకీని ఇంకొకరి ప్రాణముతో తీర్చుట న్యాయమా యను ప్రశ్నకు, బలియైనవాని నోట సమాధానము వినవలసియున్నది. ఋణభావమును మెచ్చుకొనుట హింసను మెచ్చుకొనుట కాదు. ఉత్తమమైన కల్పన ఈ రెండింటిని విడదీసి చూపవలెను. కసియోపియా తనను తాను అర్పించుకొనుటకు సిద్ధపడుటలో ఆ విభజనము కలదు.

తెలుగువారి పాతాళము

తెలుగు సాహిత్యమునకు పాతాళయాత్ర క్రొత్త కాదు. నన్నయ భారతమున ఆదిపర్వములోని ఉదంకోపాఖ్యానము ప్రసిద్ధము. ఉదంకుడు గురుపత్నికి ఇయ్యవలసిన కుండలములను తక్షకుడు హరింపగా, ఆ శిష్యుడు నాగలోకమునకు దిగి, నాగులను స్తుతించి, తెల్లని నల్లని దారములతో నేయుచున్న స్త్రీలను చూచి, కుండలములతో తిరిగివచ్చును. ఇచ్చట భూమి క్రిందినుండి పైకి వచ్చినది బంగారు నగయే. కాని ఆ నగ ఉదంకునిది కాదు, అది గురుదక్షిణ. బాకీ తీర్చుటకై దిగినవాడు గనుకనే అతడు పాతాళమును జయించెను. షిబాల్బాకు దిగిన కవలలకును ఇతనికిని పోలిక ఇందే యున్నది. కాలదేశములు వేరైన రెండు జాతులు ఒకే ధర్మమును కనుగొనుట విశేషము.

తరువాతి కాలపు జనరంజక కల్పనలో ఈ ధర్మము కొంత సడలినది. మధిర సుబ్బన్నదీక్షితుల కాశీమజిలీ కథలలోని కథకు రూపాంతరమైన పాతాళభైరవి చిత్రము 1951లో వెలువడెను. అందు తోటరాముడు ధనము సంపాదించుటకై మాంత్రికుని వెంట గుహలోనికి పోవును. తన్ను బలియీయ దలచిన మాంత్రికునే దేవికి బలియిచ్చి, కోరికలు తీర్చు ప్రతిమను పొందును. వినోదముగా ఆ చిత్రమునకు సాటి కొలదియే. కాని దేవి ఇచ్చునదే గాని అడుగునది తక్కువ. దాసరి సుబ్రహ్మణ్యము 1954 మొదలు చందమామలో వ్రాసిన తోకచుక్క, పాతాళదుర్గము, శిథిలాలయము మున్నగు ధారావాహికలు కొన్నితరముల పిల్లలకు చదువు రుచిని కల్పించినవి. తెలుగు అద్భుత నవలకు భాష, వేగము, మాంత్రికుడు, రాక్షసుడు అందే సిద్ధముగా నున్నారు. పిలకలు పెరిగి పంటకు వచ్చుటకు ఇంక కావలసినది ఒక నేల. అట్టి నేల కోలారు.

కోలారు కల్పనలు

కోలారు పురాణము లేని ఊరు కాదు. కార్తవీర్యుని పరశురాముడు వధించినపుడు చెలరేగిన కోలాహలమే ఊరిపేరైనదని స్థలకథ. పరశురాముని తల్లి రేణుక తల తెగి మరల బ్రదికిన కథ ఎల్లమ్మ కొలువులలో నేటికిని పాడబడుచున్నది. తెగిన తలనుండి సంతానము కలిగిన షిబాల్బా కథ వినిన తెలుగుపాఠకునికి రేణుక తలంపునకు రాక మానదు. ముళబాగిలు దగ్గరి ఆవనిలో సీత లవకుశులను కన్నదని జనుల నమ్మకము.

అన్నింటికన్న ప్రధానమైనది కోలారమ్మ గుడి. రాజేంద్రచోళుని కాలపు శాసనములు గల ఆలయమిది. ఆ చోళుని కూతురు అమ్మంగదేవియే, నన్నయచే భారతము వ్రాయించిన రాజరాజనరేంద్రుని పత్ని. ఈ గుడిలో చేలమ్మ యను తేలు దేవత కలదు. తెలుగు తేలే కన్నడమున చేళు. ఆమె సన్నిధిని భూమిలోనికి తొలిచిన హుండి యొకటి కలదని, భక్తులు తరతరములుగా అందు కానుకలు వేయుచున్నారని, దానిని ఎన్నడును తెరువలేదని జనులు చెప్పుకొందురు. చిచెన్ ఇత్సా కూపమును తెలిసినవారికి ఈ మాట విని ఆశ్చర్యము కలుగక తప్పదు. ఆ హుండికి ముప్పది కిలోమీటర్ల ఆవలి గనులనుండి, 1880 మొదలు 2001 ఫిబ్రవరి 28న మూతపడువరకు 800 టన్నులకు పైగా బంగారము తీయబడినది. ఒకే సీమలో నేలనుండి తోడిన చేతులును, నేలలోనికి వేసిన చేతులును కలవు. అద్భుత నవలకు ఇంతకు మించిన ఆరంభము అక్కరలేదు.

ఇప్పటివరకు కోలారుపై వచ్చిన పెద్ద కల్పనలు సినిమాలే. ప్రశాంత్ నీల్ దర్శకత్వమున కన్నడమున తయారై తెలుగులోనికిని వచ్చిన కె.జి.ఎఫ్. చిత్రములు 2018, 2022 సంవత్సరములలో విడుదలయ్యెను. అందు నరాచి యను కల్పిత గని, బానిసలైన పనివారు, దేవి యెదుట తలలు నరుకు ఉత్సవము, ఆ బలివేళ గని యజమానిని వధించు వీరుడు కలరు. ఇది హాగర్డు మార్గమే. బలిపీఠము ఉద్రేకమునకై, నిధి వీరునికై. అయినను ఈ చిత్రములలో ఒక విచిత్రము కలదు. వీరుడు బంగారము కూర్చినది తల్లికిచ్చిన మాటకై. తుదకు ఆ బంగారముతో కూడ సముద్రమున మునుగును. బాకీ యను భావము కథలో నున్నది, బంగారము లోతునకు తిరిగిపోవుటయు నున్నది. కాని బాకీ ఒక తల్లికే పరిమితమైనది. గనిలో మరణించినవారికి, గనిని త్రవ్విన ఊరివారికి ఆ లెక్కలో చోటు లేదు. గని 1951లో బయటపడినట్లు కల్పించుటచే అంతకు మున్నున్న డెబ్బదియేండ్ల శ్రమ కథనుండి తొలగిపోయినది. కల్పనకు చరిత్రను మార్చు స్వేచ్ఛ కలదు; కాని ఏది మార్చబడినదో దానిని బట్టి కల్పన యొక్క మనస్సు తెలియును.

2024లో వెలువడిన పా. రంజిత్ తమిళచిత్రము తంగలాన్ ఇందుకు భిన్నము. 19వ శతాబ్దమున ఉత్తర ఆర్కాటు పల్లెలో పంటయు పొలమును పోగొట్టుకొన్న అణగారిన కులపు రైతు ఒకడు, ఆంగ్ల దొర వెంట బంగారమునకై కోలారు సీమకు పోవును. బంగారమును కాచు ఆరతి యను శక్తి వారి నెదిరించును. నిధి యెవ్వరిది, దానికి కావలి యెవ్వరు, దానికై చిందిన రక్తమెవ్వరిది యను ప్రశ్నలను అడిగిన చిత్రమిది. కథ కొన్నిచోట్ల కలకును మెలకువకును నడుమ చిక్కుపడి పాఠమువలె వినబడును. అయినను మొరెనో గార్సియా నవలవలెనే ఇదియు క్రింది వర్గపు మనిషినే పాతాళమునకు దింపినది. నిధికి బదులు ఎముకలను చూపుటకు జంకలేదు. కోలారు కల్పనలలో ఇంతవరకు ఋణధర్మమునకు దగ్గరగా వచ్చినది ఇదే యనవచ్చును.

వ్రాయవలసినది

తెలుగున కోలారు పాతాళనవలను వ్రాయబూనువారికి కల్పింపవలసిన అవసరము తక్కువ, వినవలసిన అవసరము ఎక్కువ. 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ ఈ ప్రాంతమునకు వచ్చినపుడు, ఊరివారే మట్టిని కడిగి బంగారపు రేణువులను అతనికి చూపిరి. అనగా నిధిని కనుగొన్నవారు దొరలు కారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతునకు పోయినది. ఆ అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటెడిది. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలి పేలెడిది. షిబాల్బాలోని పరీక్షల యిండ్లు ఆ పనివారికి కథ కాదు, షిఫ్టు. 1965లో అదే గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధనసంస్థవారు జపాను, ఇంగ్లండు శాస్త్రజ్ఞులతో కలిసి, ఆకాశమునుండి వచ్చు న్యూట్రినో కణముల జాడ కనుగొనిరి. ఆకాశపు జాడకై పాతాళమునకు దిగుట యనునది ఏ మాంత్రికకథలోను లేని అద్భుతము. కోలారులో అది జరిగినది.

గని చుట్టు తమిళము, తెలుగు, కన్నడము, ఉర్దూ కలిసి పలికినవి. చిత్తూరు సీమనుండి వచ్చిన తెలుగువారు, జిల్లాలో తరతరములుగా నున్న తెలుగు కుటుంబములు, గని పనిముట్లకు, సొరంగములకు, ప్రమాదములకు తమ తమ పేర్లు పెట్టుకొనిరి. గంగమ్మ జాతరలలో పాటలు పాడుకొనిరి. 2001లో గని మూతపడినపుడు ఇరువదియేండ్లుగా నున్న పనివాడు నేడు నడివయస్కుడు. నాటి నడివయస్కుడు నేడు వృద్ధుడు. వారి మాటలు వారితో పోయినచో, రేపటి కోలారు పిల్లవానికి తన ఊరి పాతాళమును గూర్చి తెలియునది తెరపై చూచిన నరాచి మాత్రమే. తాతయెక్కిన షాఫ్టు పేరు తెలియక, లేని గని పేరు తెలిసియుండుట ఒక భాషాసమాజమునకు చిన్న నష్టము కాదు.

మెక్సికోకు ఇట్టి నష్టము ముందుగా కలిగినది. నాలుగు శతాబ్దములు ఆ జాతుల పాతాళమును ఇతరులే వర్ణించిరి. తరువాతనే అస్తూరియాసు వంటివారు తమ నేలనుండి వ్రాసిరి. ఆ వ్రాతకు ఆధారము చిచికాస్తెనాంగోలో ఒక పరభాషీయుడు ఓపికతో వ్రాసికొన్న నకలు. కోలారునకు పరభాషీయుడు అక్కరలేదు. ఇంట తెలుగు మాటాడుచు బడిలో తెలుగు చదువు పిల్లవాడు, తన తాతయో పొరుగు అవ్వయో చెప్పిన గనికథను పదిపుటల నోటుపుస్తకమున వ్రాసియుంచినను చాలును. పాఠశాలలు, గ్రంథాలయములు, ఆంధ్ర సంఘములు ఈ పనిని పంచుకొనదగును. అట్టి పుస్తకములు నూరు చేరిననాడు వానినుండి ఒక మంచి నవల పుట్టుట కష్టము కాదు. ఆ నవలలో పాతాళమునకు దిగువాడు బంగారమునకై దిగక, అచ్చట మిగిలిపోయినవారి పేర్లను పైకి తెచ్చుటకై దిగునని ఆశింపవచ్చును.